మీట నొక్కడమే అభ్యంతరం కాదు

సహకార సంఘంలో లెక్కలు రాసి రిటైరైన మనిషిని. ఆ లెక్కల అలవాటే నన్ను కరెంటు చార్జీల విచారణల్లోకి లాక్కెళ్ళింది. నిబంధన చేసేముందు ప్రభుత్వం జనాన్ని అడగాలన్న పద్ధతి కాగితాల కాలం నుంచి పోర్టళ్ళ కాలం దాకా ఎలా మారుతూ వచ్చిందో దగ్గరుండి చూశాను. "ఇప్పుడంతా సులువే కదా తాతగారూ, ఇంట్లో కూర్చుని పంపేయొచ్చు" అంటారు మా వీధి పిల్లలు. పంపడం సులువైన మాట నిజమే. మిగతాది ఎంతవరకు సులువైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1. అడిగే హక్కు ఊరికే రాలేదు.

చట్టసభలు చట్టం చేసి ఊరుకుంటాయి. దాని కింద వచ్చే రేట్లు, ఫారాలు, గడువులు, జరిమానాలు ఆఫీసుల్లో తయారవుతాయి. మన బతుకును రోజూ తాకేది ఎక్కువగా ఈ రెండో రకమే. ముసాయిదాను ముందే ప్రచురించి, అభ్యంతరాలకు గడువు పెట్టి, వచ్చినవాటిని పరిశీలించాకే ఖరారు చేయాలన్న పద్ధతి 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది. కాకపోతే మూల చట్టం ఆ మాట చెప్పినచోటే అది వర్తిస్తుంది. చెప్పనిచోట ఆఫీసర్ల దయ.

కరెంటు విషయంలో మనకా అవకాశం 1998 సంస్కరణల చట్టంతో, 1999లో ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలితో వచ్చింది. 2000లో చార్జీలు పెంచితే రాష్ట్రం అట్టుడికింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్‌లో విచారణలకు వెళ్ళినప్పుడల్లా, ఎవరూ నోరు తెరిచి అనకపోయినా, ఆ సంగతి గదిలో అందరికీ గుర్తుండేది. రోడ్డు మీద తేలాల్సినదాన్ని బల్ల ముందుకు తెచ్చారు గనక ఆ బల్లకు విలువ ఉండేది.

అప్పటి పద్ధతి మోటుగా ఉండేది. అభ్యంతరం ఒక ప్రతి మండలికి పంపాలి, ఒక ప్రతి కరెంటు పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు పంపాలి, డిస్కంకు అందినట్టు రుజువు జత చేయాలి. స్వయంగా మాట్లాడదలిస్తే ఆ ముక్క ఉత్తరంలో రాయాలి. ఒకసారి నాతోపాటు వచ్చిన రైతు స్కూలు నోటుపుస్తకం తెచ్చాడు. గళ్ళు గీసి, కరెంటు వచ్చిన వేళ, పోయిన వేళ, రోజువారీగా పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఐదు హార్స్‌పవర్ మోటారు, రెండు విడతల సరఫరా, మధ్యలో కోతలు. డిస్కం కాగితాల్లో ఉన్న గంటలకీ అతని పుస్తకంలో ఉన్న గంటలకీ పొంతన లేదు. మండలి పెద్దాయన ఆ పుస్తకం అడిగి తీసుకుని నాలుగు పేజీలు తిప్పి చూశారు, అధికారుల వైపు తిరిగి జవాబు రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. నేను తయారుచేసుకెళ్ళిన పన్నెండు పేజీల వాదన ఆ రోజు ఎవరికీ గుర్తులేదు.

2. రేటు మీద కన్నుపెట్టి రూలును వదిలేయకండి.

ఇది నేను చేసిన తప్పు. ఇప్పటికీ బిల్లు వచ్చినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఏటా చార్జీల ప్రతిపాదన వస్తే నేను రాత్రుళ్ళు కూర్చుని చదివేవాణ్ణి. పంపిణీ నష్టాలెంత, మీటర్లు లేని వ్యవసాయ పంపుసెట్ల ఖాతాలో ఎన్ని యూనిట్లు అంచనా కట్టారు, నష్టాల్లో కొంత ఆ ఖాతాలోకి నెట్టారా, ఇదంతా తవ్వేవాణ్ణి. 2022 ఆగస్టులో కేంద్ర విద్యుత్ శాఖ నిబంధనల సవరణ ముసాయిదాను వెబ్‌సైట్‌లో పెట్టింది. తెలిసినవాళ్ళు వాట్సాప్‌లో పంపారు కూడా. అందులో యూనిట్ రేటు ఎక్కడా లేదు. తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టాను. గడువు దాటిపోయింది. ఆ డిసెంబరు 29న అది ఖరారైంది.

దాని సారం ఏమిటంటే, ఇంధనం ఖర్చు, కొనుగోలు ఖర్చు పెరిగితే ఆ తేడా ఎప్పటికప్పుడు దానంతటదే బిల్లులోకి చేరాలి. అంతకుముందు ఇలాంటి సర్దుబాటు మండలి ముందుకు వచ్చి, అభ్యంతరాలు విన్నాకే బిల్లెక్కేది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి తగ్గట్టు నియమం మార్చారు. యూనిట్‌కు 40 పైసల దాకా డిస్కంలు నెలనెలా తమంతట తామే వేసుకోవచ్చు. 200 యూనిట్లు కాల్చే ఇంటికి నెలకు 80 రూపాయలు. 2023లో బిల్లుల మీద ఆ వరస కనిపించాక ఊరంతా నన్నడిగింది, ఇదెప్పుడు పెంచారని. పెంచడం కాదు, పెంచేముందు మనల్ని అడగాల్సిన పని లేకుండా చేశారని చెప్పాల్సి వచ్చింది. అడగాల్సిన పని లేదని అన్న రోజున, అడగండని రాసే అవకాశం నాకుండేది. రాయలేదు.

ముసాయిదాలో అంకెలు లేకపోతే మరింత జాగ్రత్తగా చదవండి. "దానంతటదే", "ముందస్తు అనుమతి అవసరం లేకుండా", "ఎప్పటికప్పుడు నిర్ణయించిన విధంగా" అన్న మాటల కింద గీత గీసుకోండి.

3. లక్ష ఉత్తరాలు ఒక్క ఉత్తరంగా తేలవచ్చు.

2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్ సేవల మీద చర్చాపత్రం విడుదల చేసింది. నెట్ న్యూట్రాలిటీ (నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడటం) అన్న మాట అప్పటిదాకా మన పత్రికల్లో అరుదు. కుర్రాళ్ళు వెబ్‌సైట్ పెట్టి, సిద్ధంగా ఉన్న జవాబును ఒక్క నొక్కుతో పంపే ఏర్పాటు చేశారు. పది లక్షలకు పైగా మెయిళ్ళు వెళ్ళాయి. దేశంలో ఒక నియంత్రణ సంస్థ ముందు ఇంతమంది నిలబడటం అంతకుముందు చూడలేదు. నాకు సంబరమేసింది. ఏప్రిల్‌లో ట్రాయ్ ఆ మెయిళ్ళన్నిటినీ పేర్లతో, మెయిల్ చిరునామాలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టేసింది. బహిరంగం అన్న మాటకు అర్థం అది కాదు కదా!

డిసెంబరులో రెండో చర్చాపత్రం వచ్చింది. ఈసారి ఫేస్‌బుక్, కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపే తన ఫ్రీ బేసిక్స్ కోసం అదే ఆయుధం పట్టింది. వినియోగదారుల ముందు ఒక మీట పెట్టింది, నొక్కితే మద్దతు వెళ్ళిపోతుంది. దాదాపు 24 లక్షల స్పందనలు వచ్చాయి. అందులో అత్యధిక భాగం ఇలా వచ్చినవే. ట్రాయ్ వేసినవి నాలుగు ప్రశ్నలు. ఈ ఉత్తరాలు వాటిలో ఒక్కదానికీ జవాబు చెప్పడం లేదని సంస్థే తప్పుపట్టింది. 2016 ఫిబ్రవరి 8న వచ్చిన నిబంధన, చూసే సైటును బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. అంటే లెక్క ఒకవైపు, తీర్పు రెండోవైపు. నన్నడిగితే తీర్పే సరైంది. కానీ ఇక్కడ మనవాళ్ళు గమనించాల్సింది, సంఖ్య గెలవలేదన్న సంగతి.

అమెరికాలో ఇదే విషయం మీద 2017లో జరిగింది ఇంకా ఘోరం. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థకు రెండు కోట్లకు పైగా వ్యాఖ్యలు వచ్చాయి. 2021లో న్యూయార్క్ అటార్నీ జనరల్ నివేదిక తేల్చిందేమిటంటే, వాటిలో దాదాపు కోటీ 80 లక్షలు నకిలీవి. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల డబ్బుతో నడిచిన ప్రచారం జనానికి తెలియకుండా వాళ్ళ పేర్లు వాడుకుంది. అవతలి పక్షానికి అనుకూలంగా ఒక 19 ఏళ్ళ కాలేజీ విద్యార్థి ఒక్కడే 70 లక్షలకు పైగా పుట్టించాడు. ఇన్ని దొంగ సంతకాల మధ్య నిజంగా రాసుకున్నవాడి గోడు ఎవరు వెతికి చదువుతారు?

ఇప్పుడు మీ చేతుల్లో ఇంకో పరికరం ఉంది. అడిగితే క్షణంలో అభ్యంతరం రాసిపెట్టే యంత్రం. మొన్న ఒక అమ్మాయి అలా రాయించి తెచ్చి చూపించింది. భాష చక్కగా ఉంది, సెక్షన్లు ఉన్నాయి. ఆమె పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నిసార్లు కాలిందో మాత్రం లేదు. యంత్రాన్ని వాడుకోండి, తప్పులేదు. మొదటి పేరా మీ చేత్తో రాయండి. మీరెవరు, ఈ నిబంధన మిమ్మల్ని ఎక్కడ తాకుతుంది, ఎంత తాకుతుంది.

4. అర్థం కాని భాషలో ఇచ్చిన గడువు గడువు కాదు.

2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు పెట్టేచోటికి దగ్గర్లోనే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించాలి. చివర్లో జరిగిన చర్చ సారాంశాన్ని స్థానిక భాషలో జనానికి చదివి వినిపించాలి. షామియానా కింద పోలీసుల మధ్య జరిగే ఆ సభల్లో లోపాలు కొల్లలు. అయినా తెలుగులో అడిగితే తెలుగులో రికార్డయ్యేది.

దాన్ని మార్చే ముసాయిదా 2020లో వచ్చింది. మార్చిలో తయారై, ఏప్రిల్ 11న గెజిట్‌లో అచ్చయింది. దేశం లాక్‌డౌన్‌లో ఉంది. పోస్టు అంతంతమాత్రం, మెయిలే దారి. ముసాయిదా ఉన్నది ఇంగ్లీషులో, హిందీలో. సభకు ఇచ్చే 30 రోజుల నోటీసును 20 రోజులకు కుదించడం, అనుమతి లేకుండా మొదలెట్టిన ప్రాజెక్టులకు తర్వాత అనుమతి పొందే దారి చూపించడం అందులో ఉన్నాయి. అభ్యంతరాల గడువు నడుస్తుండగానే మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వెలువడి 12 మంది ప్రాణాలు పోయాయి. సరైన పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని ఆ కంపెనీ అంతకు ఏడాది ముందే అఫిడవిట్‌లో ఒప్పుకుని ఉంది. ఆ ముసాయిదా గురించి మాట్లాడే అర్హత వెంకటాపురం వాళ్ళకన్నా ఎవరికుంది? వాళ్ళ భాషలో అది లేదు.

ఢిల్లీ హైకోర్టు జూన్ 30న గడువును ఆగస్టు 11 దాకా పొడిగించి, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమంది. అనువాదం చేయించే బదులు కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ జులైలోనే, మంత్రి మెయిల్‌బాక్సు నిండిపోతోందన్న ఫిర్యాదు మీద ఢిల్లీ పోలీసులు ఒక యువ పర్యావరణ బృందానికి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక (ఉపా) చట్టం పేరుతో నోటీసు పంపారు. పొరపాటున పంపామని తర్వాత వెనక్కి తీసుకున్నారు. మెయిల్ పంపమన్నదీ ప్రభుత్వమే, ఎక్కువ పంపారన్నదీ ప్రభుత్వమే.

అందుకే మీకు చెబుతున్నాను, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ముందు అభ్యంతరం రాయకండి. ముందు ఆ ముసాయిదాలో మీ ఊరికి సంబంధించిన రెండు పేజీలు తెలుగు చేసి పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించండి.

5. తెర ముందు ఎవరి గదిలో కూర్చున్నారో చూసుకోండి.

కోవిడ్ ఏడాదుల్లో చార్జీల విచారణలు వీడియో కాన్ఫరెన్సులోకి మారాయి. దానివల్ల జరిగిన మేలు నేను కాదనను. శ్రీకాకుళం వైపు నుంచో అనంతపురం వైపు నుంచో రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి, మూడు నిమిషాలు మాట్లాడి, మళ్ళీ బస్సెక్కే బాధ తప్పింది. ఎప్పుడూ రాని ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంట్లోంచే మాట్లాడారు. సందేహం లేకుండా మంచి మార్పు.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ కోసం విద్యుత్ ఆఫీసుల్లోనే తెరలు పెట్టారు. ఒక ఊళ్ళో నేనూ అలాంటి గదిలోనే ఉన్నాను. నా పక్కన కూర్చున్న రైతు కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి తమ దగ్గర చందాలు వసూలు చేశారని చెప్పడానికి వచ్చాడు. దారి పొడుగునా నాకు అదే చెప్పాడు. అతని పేరు పిలిచారు. ఎవరి మీద చెప్పాలనుకున్నాడో ఆ అసిస్టెంట్ ఇంజినీరు, ఏఈ గారే వచ్చి, మర్యాదగా, మైకు అతని నోటి దగ్గరికి సర్దారు. రైతు తెర వైపు చూశాడు, ఏఈ గారి వైపు చూశాడు. "సరఫరా బాగానే ఉందండి, పగటిపూట ఇంకో గంట పెంచితే మేలు" అని లేచాడు. బయటికొచ్చాక నేనేమీ అడక్కుండానే అన్నాడు: "రేపు ఫీజు పోతే ఆయన్నే కదండీ పిలవాలి."

ఆ ఏఈ చెడ్డవాడని నేననను. సింగరేణి భవన్‌లో నోటుపుస్తకం తెచ్చిన రైతుకూ అధికారులకూ మధ్య ఒక పెద్ద బల్ల, దాని వెనక ముగ్గురు పెద్దమనుషులు ఉండేవాళ్ళు. తెర వచ్చాక ఆ బల్ల పోయింది. అలాంటి ఏర్పాటు మళ్ళీ జరిగితే, ఆ గది తహసీల్దార్ ఆఫీసులోనో గ్రంథాలయంలోనో పెట్టమని ముందే రాతపూర్వకంగా అడగండి. ఖర్చు లేని కోరిక.

6. జవాబు ఎక్కడొస్తుందో తెలుసుకుని మరీ రాయండి.

నేను ఇన్నేళ్ళు విచారణల వెంట తిరగడానికి ఒకే ఒక్క కారణం ఉంది. చార్జీల ఉత్తర్వు వెలువడినప్పుడు అందులో మన అభ్యంతరం అచ్చవుతుంది. దాని కింద డిస్కం ఇచ్చిన సమాధానం, ఆ కింద మండలి అభిప్రాయం. "పరిశీలించాం, ఆమోదించలేకపోతున్నాం" అని రాసినా సరే, ఎందుకో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని పట్టుకుని మరుసటి ఏడాది మళ్ళీ అడగొచ్చు. అప్పిలేట్ ట్రిబ్యునల్‌కీ వెళ్ళొచ్చు.

2022 నవంబరులో డిజిటల్ వ్యక్తిగత డేటా బిల్లు ముసాయిదాను కేంద్రం విడుదల చేసి, అభిప్రాయాలు మైగవ్ పోర్టల్‌లోనే పెట్టమంది. వచ్చినవాటిని గోప్యంగా ఉంచుతామని, బయటపెట్టబోమని నోటీసులోనే చెప్పింది. పౌరుడు మొహమాటం లేకుండా చెప్పాలని అలా చేశామన్నారు. దానివల్ల ఏ కంపెనీ ఏమడిగిందో, ఎవరి మాటకు ఏ సెక్షన్ మారిందో మనకు తెలిసే దారి లేకుండా పోయింది. మనం వేసిన కాగితం హుండీలో పడ్డట్టే. ఇది 2014లో కేంద్రమే ఆమోదించుకున్న ముందస్తు సంప్రదింపుల విధానానికి పొసగదు. ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలని అందులో ఉంది. విధానమే తప్ప చట్టం కాకపోవడంతో, తప్పినా అడిగేవాళ్ళు లేరు.

పరదేశంలో మన పిల్లల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అమెరికాలో సైన్సు, ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు చదువయ్యాక పనిచేసుకునే గడువును 2008లో 17 నెలలు పొడిగించారు. మనవాళ్ళు వేలల్లో దాని మీద ఆధారపడ్డారు. జనాన్ని అడక్కుండా చేశారన్న కారణంతోనే 2015 ఆగస్టులో అక్కడి కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ప్రభుత్వం అక్టోబరులో కొత్త ముసాయిదా పెట్టింది. నెల రోజుల్లో దాదాపు 50,500 వ్యాఖ్యలు వచ్చాయి. మన విద్యార్థులూ కూర్చుని రాశారు. 2016 మార్చిలో వచ్చిన తుది నిబంధనలో పొడిగింపు 24 నెలలైంది, దాంతోపాటు ఏ రకం వ్యాఖ్యకు ఏమంటున్నారో పేజీలకు పేజీలు వివరణ ఉంది. వ్యతిరేకించినవాళ్ళకూ జవాబుంది. పోర్టల్ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. జవాబు చెప్పక తప్పని చట్టం 1946 నుంచి అక్కడుంది.

మనకూ చిన్న ఆధారం లేకపోలేదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలు ప్రకటించాలి, నిర్ణయాలకు కారణాలను వాటివల్ల ప్రభావితమయ్యేవాళ్ళకు చెప్పాలి. అభ్యంతరం పంపిన రసీదు దగ్గరుంటే ఆ సెక్షన్ కింద అడగడానికి మీకు కాళ్ళుంటాయి. స్క్రీన్‌షాట్ అయినా తీసిపెట్టుకోండి.

7. వెబ్‌సైట్‌కు తలుపులుంటాయి.

జీవోలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా అని నేను పాత ఫైళ్ళు పాతపేపర్ల వాడికి వేసేశాను. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను తన వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. అదే నెలలో తెలంగాణ హైకోర్టు జీవోలను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని అక్కడి ప్రభుత్వాన్ని ఆదేశించాల్సి వచ్చింది. ఆంధ్రలో ఆ సైటు మళ్ళీ తెరుచుకున్నది 2024 ఆగస్టులో, ప్రభుత్వం మారాక. ముసాయిదా కనబడిన రోజే దించుకుని, తేదీ వేసి పెట్టుకోండి. తుది నిబంధన వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది ఎక్కడ మారిందో తెలుస్తుంది.

8. ఒక్కరికి పది విషయాలొద్దు, పదిమందికి ఒక్క విషయం చాలు.

నేను అన్నిటికీ రాశాను. పింఛన్ల నుంచి పర్యావరణం దాకా. ఎక్కువగా వృథా పోయింది. నాకు నిజంగా తెలిసింది కరెంటు లెక్కలు మాత్రమే, నా మాట విన్నదీ వాటి గురించి చెప్పినప్పుడే. మీరు చేనేత ఇంటివాళ్ళయితే నూలు, జీఎస్టీ పట్టుకోండి. ఆటో నడిపే ఇల్లయితే రవాణా నిబంధనలు పట్టుకోండి. మిగతావి ఇంకొకరు చూసుకుంటారని నమ్మండి. ఆ నమ్మకం నాకు చాలా ఆలస్యంగా కుదిరింది.

డిస్కంలు వచ్చే ఆర్థిక సంవత్సరం ఆదాయ అవసరాలను, చార్జీల ప్రతిపాదనలను నవంబరు నెలాఖరుకు మండలి ముందుంచాలి. ఆంధ్రప్రదేశ్ మండలి ఇప్పుడు కర్నూలులో ఉంది, తెలంగాణ మండలి హైదరాబాద్‌లో. ప్రకటన పత్రికల్లోనూ వెబ్‌సైట్లలోనూ వస్తుంది. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది వారాలే. ఈసారి ఆ ప్రకటన చూసిన రోజే, మీ ఇంటి పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని కూర్చోండి. ఒక్క పేజీ రాయండి. చివర "స్వయంగా విన్నవించుకోదలిచాను" అన్న వాక్యం మరిచిపోవద్దు.